అరవై దాటాక ముక్కు ఆపరేషన్: వాలిన కొన, బిగిసే ఊపిరి, చెయ్యదగినవి, చెయ్యకూడనివి

వంశధార (పర్లాకిమిడి)

నమస్కారమండి అందరికీ. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు నించి ఒకే రకం ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అందుకే విడిగా చర్చ మొదలెడుతున్నాను. ఎదురుగా ఒక మనిషి ఉంటే జవాబులు గట్టిగా వస్తాయని ఒకావిడ వివరాలు పెడుతున్నాను.

వయసు 66. ముక్కు కొన పై పెదవి మీదికి వాలింది. పడుకుంటే ముక్కు బిగుస్తుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి ఒక మాత్ర. గుండెకి స్టెంట్ వేసి 14 నెలలు, రక్తం గడ్డకట్టకుండా వేసే ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ రెండూ నడుస్తున్నాయి. పై దవడకి కట్టుడు పళ్లు. రెండు పక్కలా ముక్కుపుడకలు, ఎడమవైపు చిల్లు సాగి కిందికి చీలుతోంది. ఊపిరి బాగుండాలి, ముక్కు కూడా పూర్వంలా కనబడాలి అని ఆవిడ కోరిక. ఇంట్లోవాళ్లు ఈ వయసులో ఏటికి అంటున్నారు. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

బరంపురం చెవి-ముక్కు

ముందు ఆ "ఈ వయసులో" అన్న మాట పక్కన పెడదాం. వయసొక్కటే ఎప్పుడూ అడ్డు కాదు. షుగర్, బీపీ, గుండె అదుపులో ఉన్న 66 ఏళ్ల మనిషి, రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే 45 ఏళ్ల మనిషి కంటే ఈ ఆపరేషన్‌కి తగినవాళ్లు. కోరిక ఆవిడది, ముక్కు ఆవిడది. మనం చూడాల్సింది ఒంటి పరిస్థితి.

ముసలితనంలో ముక్కు పెరుగుతుందని అంటారు గాని నిజానికి అది సాగి జారుతుంది. పైన మూడోవంతు ఎముక, దాని కింద అంతా మెత్తటి ఎముక, అంటే కార్టిలేజ్. అందులో పై జత, కింద జత ఉంటాయి. ఈ రెండు జతల్నీ కలిపి పట్టుకునే కట్లు వయసుతో వదులవుతాయి. కొనని మోసే కింద జత నిలవలేక జారుతుంది. కొన దగ్గర చర్మం నూనె గ్రంథులతో బరువెక్కుతుంది. పై పళ్లు ఊడినవాళ్లకి దవడ ఎముక అరిగి, ముక్కు మొదలు ఆనుకునే గట్టు వెనక్కి పోతుంది. ఇవన్నీ కలిసేసరికి ముక్కు పొడుగైనట్టు, లేని గూను ఉన్నట్టు కనబడుతుంది. గూను గీసెయ్యమని అడిగేవాళ్లు చాలామంది. కొన ఎత్తి నిలబెడితే ఆ గూనులో చాలాభాగం కంటికి ఆనదు.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. కట్టుడు పళ్లు పెట్టుకునే చెయ్యాలి, తీసేస్తే పెదవి లోపలికి పోయి లెక్క తప్పుతుంది. అద్దం ముందు కూర్చుని చూపుడు వేలి చివరతో ముక్కు కొనని కొద్దిగా, 3 మిల్లీమీటర్లకి మించకుండా పైకెత్తి గాలి పీల్చండి. హాయిగా వెళ్తే వాలిన కొనే దారికి అడ్డు. తర్వాత ముక్కు పక్కన చెంప మీద రెండు వేళ్లు ఆనించి చెవి వైపుకి లాగి పీల్చండి. దీన్ని కాటిల్ పరీక్ష అంటాం. దీనికి హాయిగా ఉంటే లోపలి కవాటం ఇరుకైందని అనుమానించాలి. ముక్కు దూలానికీ (రెండు రంధ్రాల్నీ విడదీసే లోపలి గోడ) పై జత కార్టిలేజ్‌కీ మధ్య ఉండే ఆ సందు మామూలుగానే 10 నించి 15 డిగ్రీలు. అది కాస్త మూసుకున్నా ఊపిరి బాగా తగ్గుతుంది.

రెండింటికీ మార్పు లేకపోతే కారణం ఇంకా లోపల ఉంటుంది. దూలం వంకరో, టర్బినేట్ల (ముక్కు లోపలి పక్క మడతల) వాపో, పాలిప్ అనే మెత్తటి కండో, ఎండోస్కోపీతో, అంటే సన్న గొట్టం కెమెరాతో చూడాలి. ఒకే పక్క బిగుసుకుని రక్తం చారలు పడుతుంటే అందం మాట పక్కనపెట్టి ముందు దాని సంగతి తేల్చాలి. ఆ వయసులో గడ్డ కాదని రూఢి అయ్యాకే మిగతావన్నీ.

మత్తుమందు మాస్టారు (విజయనగరం)

వంశధార గారూ, మీరు పెట్టిన మందుల జాబితాలో అన్నిటికంటే పెద్ద విషయం స్టెంట్. మందు పూసిన స్టెంట్ వేశాక అత్యవసరం కాని ఆపరేషన్లు కనీసం 6 నెలలు ఆపుతాం, ఏడాది దాటితే ఇంకా మంచిది. 14 నెలలంటే ఆ గడువు గడిచింది. ఇప్పుడు క్లోపిడోగ్రెల్ ఆపొచ్చా అన్నది గుండె డాక్టరు కాగితం మీద రాసివ్వాలి. ఆయన సరేనంటే 5 నించి 7 రోజుల ముందు ఆపుతారు. ఆస్ప్రిన్‌ని స్టెంట్ ఉన్నవాళ్లకి చాలావరకు ఆపనివ్వరు. స్టెంట్ లేకుండా ఊరికే ముందుజాగ్రత్తకి వేసుకునేవాళ్లయితే 7 నించి 10 రోజుల ముందు మానేస్తారు. ఆస్ప్రిన్ మీదే చెయ్యాల్సి వస్తే సర్జన్‌కి అది ముందే తెలియాలి, పని చిన్నది చేసుకుంటారు. ఎవరికి వాళ్లు ఇంట్లో మాత్రలు మానేసి రావడం ప్రాణాపాయం. ముక్కు కోసం స్టెంట్ మూసుకుపోకూడదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు 3 రోజుల ముందు ఆపాలి. ఇది చాలా చోట్ల జారిపోతుంది. ఆపకపోతే ఖాళీ కడుపుకి రక్తంలో కీటోన్లు పెరిగి ఆమ్లం ఎక్కుతుంది. మీటరు మీద షుగర్ మామూలుగానే కనబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మెట్‌ఫార్మిన్ ఆపరేషన్ రోజు పొద్దున వేసుకోరు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 దాటితే మూడు నెలలు షుగర్ దిద్దుకుని రమ్మంటాం. ఆ రోజు బీపీ 180/110 ఉంటే బల్ల ఎక్కించం.

బీపీ మాత్ర పేరు కూడా రాయండి. ప్రొప్రనాలాల్ అయితే జాగ్రత్త. ముక్కులో ఎక్కించే మత్తు ఇంజెక్షన్‌లో ఎడ్రినలిన్ కలుపుతారు, లక్షకి ఒక పాలు. ఈ రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా ఎగిరి నాడి పడిపోతుంది. మొద్దుబార్చే మందు లిగ్నోకెయిన్ ఎడ్రినలిన్‌తో కలిపితే కిలోకి 7 మిల్లీగ్రాములు మించకూడదు. 50 కిలోల మనిషికి 350. ముక్కుకి 1 శాతం మందు 10 మిల్లీలీటర్లు చాలు, అంటే 100 మిల్లీగ్రాములే. కంగారు మోతాదు గురించి కాదు, ఎక్కించే వేగం గురించి. మెల్లగా ఎక్కించి 10 నించి 15 నిమిషాలు ఆగితే రక్తం తగ్గుతుంది. ఆగకుండా కత్తి పెడితే బల్లంతా ఎరుపే.

ఎముక పని ఉంటే పూర్తి మత్తు మేలు. సగం మెలకువలో గొంతులోకి రక్తం జారితే పెద్దవాళ్లకి దగ్గు తెర, బీపీ రెండూ కలిసి వస్తాయి. పూర్తి మత్తులో గొంతు వెనక తడి గాజుగుడ్డ పెడతాం. అది పెట్టినట్టు, తీసినట్టు బోర్డు మీద రాయించాలి. మరిచిపోతే లేచాక ఊపిరాడదు.

గురక పెట్టేవాళ్లు, రాత్రి సీపాప్ మెషీన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదేది) వాడేవాళ్లు ముందే చెప్పాలి. ముక్కు మూసుకుపోయి నోటితో పీల్చే మొదటి రాత్రే ఆక్సిజన్ పడిపోయేది. ఆ ఒక్క రాత్రీ ఆస్పత్రిలోనే ఉండాలి.

నాగావళి (రాయగడ, ప్లాస్టిక్ సర్జరీ)

పెద్దవాళ్ల ముక్కులో సూత్రం ఒకటే: తియ్యడం తక్కువ, నిలబెట్టడం ఎక్కువ. ఇరవై ఏళ్ల పిల్ల ముక్కులో కార్టిలేజ్ కొంచెం ఎక్కువ గీసినా చర్మం బిగుసుకుని సర్దుకుంటుంది. 66లో చర్మం ముడుచుకోదు. లోపల తగ్గించేకొద్దీ పైన వదులు సంచిలా వేలాడుతుంది, ఏడాది తిరిగేసరికి కొన మళ్లీ కిందికి వస్తుంది, ఊపిరి మునుపటి కంటే బిగుస్తుంది.

పని వరసగా చెప్తాను. రెండు ముక్కురంధ్రాల మధ్య కంబం మీద మెట్టులా చిన్న కోత పెట్టి చర్మం లేపుతాం. దూలంలో మధ్య భాగం నించి కార్టిలేజ్ తీసుకోవచ్చు గాని, పైనా ముందూ 1 సెంటీమీటరు వెడల్పున కోణంలా పట్టీ వదలాలి. అదే ముక్కుకి వాసం. తీసినదాంతో రెండు పనులు. ఒకటి, రెండు కింది కార్టిలేజ్‌ల మధ్య ఊతకర్రలా నిలబెట్టడం, లేదా దూలం ముందు అంచుకి అతికి కొనని దానికి కుట్టడం. రెండోది, కవాటం ఇరుకైతే దూలానికీ పై జతకీ మధ్య అటొకటి ఇటొకటి సన్నని పట్టీలు దూర్చడం, పొడవు 2 సెంటీమీటర్ల పైన, మందం 1 నించి 2 మిల్లీమీటర్లు. సందు తెరుచుకుంటుంది. ముక్కుపుటాలు పీల్చేటప్పుడు లోపలికి లాక్కుపోతుంటే పక్కన ఇంకో ముక్క పెడతాం. లోపలి కుట్లు 5-0 పీడీఎస్ అనే కరిగే సన్న దారంతో, ఆర్నెల్లకి కరుగుతాయి. కంబం మీద ఇంకా సన్నని 6-0 నైలాన్ దారం, 5 నించి 7 రోజుల్లో తీసేస్తాం.

కార్టిలేజ్ చాలకపోతే చెవి దొప్ప నించి. వంపు ఉంటుంది, మెత్తన, కవాటం పక్కన పెట్టడానికి బాగా నప్పుతుంది, నిలువు ఊతానికి బలం చాలదు. పక్కటెముక గురించి ఒక మాట. పడుచు మనిషి పక్కటెముక కార్టిలేజ్ ముదురు కొబ్బరిలా తెల్లగా, బ్లేడుకి జారుగా తెగుతుంది. అరవై దాటాక అదే పసుపు తిరిగి, మధ్యలో సున్నపు రాళ్లు కట్టి ఉంటుంది. బ్లేడు ఆనితే పట్టీ రాదు, టక్కున పెచ్చులూడుతుంది. అందుకే ముందు సీటీ తీసి సున్నం ఎంత పట్టిందో చూసుకోకుండా ఛాతీ మీద కోత పెట్టకూడదు.

ఎముక కూడా అంతే. వెడల్పు తగ్గించాలని ఉలి పెడితే పడుచు ఎముక గీసిన చోటే విరుగుతుంది, ముసలి ఎముక అప్పడంలా నాలుగు ముక్కలవుతుంది. ఈవిడకి ఎముక ముట్టుకోనక్కర్లేదనే నా అభిప్రాయం.

ఎంత ఎత్తాలి అన్నది ఇంకో ప్రశ్న. పెదవికీ ముక్కు కంబానికీ మధ్య కోణం ఆడవాళ్లకి 95 నించి 110 డిగ్రీలు అని పుస్తకాల్లో ఉంటుంది. 66 ఏళ్ల ముఖానికి 110 పెడితే రంధ్రాలు ఎదురుగా కనబడి ముఖానికి అతకదు. 95 దగ్గర ఆపాలి. నలభై ఏళ్ల నాటి పక్క ఫొటో ఒకటి తెమ్మనండి, దానికి మించిన కొలబద్ద లేదు.

ఓటీ సిస్టర్

నాగావళి డాక్టరు గారూ, కొన ఒక్కటే అయితే బయట కోత లేకుండా లోపలి నించి చెయ్యొచ్చు కదండీ. పెద్దవాళ్లకి వాపు తొందరగా తగ్గుతుంది.

నాగావళి (రాయగడ, ప్లాస్టిక్ సర్జరీ)

చెయ్యొచ్చు సిస్టర్. దూలం బాగుండి, కొన కొంచెమే ఎత్తాల్సి ఉంటే నేనూ అదే అంటాను. ఈవిడకి కవాటం కూడా ఇరుకైతే పట్టీలు కంటితో చూసి కుట్టాలి, అందుకే తెరిచి చెయ్యమన్నాను. కాటిల్ పరీక్షలో మార్పు లేకపోతే మీ మాటే సరి.

మహేంద్రగిరి

ఇక్కడ బ్యూటీ పార్లర్లలో ఇంజెక్షన్‌తో అరగంటలో ముక్కు ఎత్తుతామని చెప్తున్నారు. కోతా లేదు, మత్తూ లేదు. పెద్దవాళ్లకి అదే మేలు కదా?

బరంపురం చెవి-ముక్కు

కాదండి. ఇది అందరూ గట్టిగా తెలుసుకోవాల్సింది. అది హయలురోనిక్ యాసిడ్ జెల్. పల్లం పూడ్చగలదు గాని వాలిన కొనని నిలబెట్టలేదు, బరువు పెరిగి ఇంకా వాలొచ్చు. అసలు భయం వేరే. ముక్కు మీది రక్తనాళాలు కంటి నాళాలతో కలిసి ఉంటాయి. జెల్ పొరపాటున నాళంలోకి పోతే చర్మం చచ్చిపోతుంది, కంటి నాళాల్లోకి వెనక్కి పాకితే చూపు పోతుంది, ఆ చూపు మళ్లీ రావడం అరుదు. ఎక్కించగానే చర్మం సున్నం కొట్టినట్టు తెల్లబడినా, తర్వాత వలలా నీలం గీతలు తేలినా, విపరీతమైన నొప్పి పుట్టినా నిమిషాల్లో హయలురోనిడేజ్ విరుగుడు వెయ్యాలి. ఆ మందు ఫ్రిజ్‌లో లేని చోట, వెయ్యడం తెలియని చేతుల్లో ఆ ఇంజెక్షన్ తీసుకోకూడదు. ఇంతకు ముందు ముక్కు ఆపరేషన్ అయినవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ.

జయపురం

మగవాళ్లకి ముక్కు కొన ఎర్రగా, గడ్డలు గడ్డలుగా, నారింజ తొక్కలా అయిపోతుంది చూడండి. అది తాగుడు వల్లే అని ఊళ్లో అంటారు.

నాగావళి (రాయగడ, ప్లాస్టిక్ సర్జరీ)

ఆ మాట తప్పు, దాని వల్ల చాలామంది సిగ్గుపడి డాక్టరు దగ్గరికే రారు. రొజేసియా అనే చర్మజబ్బు ముదిరి నూనె గ్రంథులు ఉబ్బితే అలా అవుతుంది, రైనోఫైమా అంటాం. చుక్క ముట్టనివాళ్లకీ వస్తుంది. దానికి లోపలి ఆపరేషన్ వద్దు. పై మందాన్ని బ్లేడుతోనో, కరెంటు వైరు ఉచ్చుతోనో, కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తోనో పొరలు పొరలుగా చెక్కుతాం. నూనె గ్రంథుల అడుగు భాగం వదలాలి, కొత్త చర్మం అక్కడి నించే మొలుస్తుంది, రెండు మూడు వారాలు పడుతుంది. కార్టిలేజ్ దాకా చెక్కితే మచ్చ పడి రంధ్రం ముడుచుకుపోతుంది. చెక్కిన ముక్క తప్పక బయాప్సీకి పంపాలి, కింద చర్మం క్యాన్సర్ దాగి ఉండే వీలుంది.

ఓటీ సిస్టర్

ఆపరేషన్ తర్వాత సంగతులు నేను చెప్తాను, మనవైపు అలవాట్లు కలిపి.

పొగాకు ముందు. సిగరెట్, బీడీ ఒక్కటే అనుకోకండి. మనవైపు పెద్దవాళ్లలో అడ్డచుట్ట (నిప్పు కొస నోట్లో పెట్టి కాల్చేది), గుడాఖు (పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద), ఖైనీ, నశ్యం అన్నీ ఉన్నాయి. "పొగ తాగుతారా" అని అడిగితే గుడాఖు రుద్దుకునే ఆవిడ లేదనే చెప్తుంది, అది పళ్లపొడి అనుకుంటుంది కాబట్టి. పేరు పేరునా అడగాలి. నికోటిన్ ఏ దారిన వెళ్లినా సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, కొన మీది చర్మం నల్లబడుతుంది. ముందు 4 వారాలు, తర్వాత 4 వారాలు అన్నీ బంద్. నశ్యం అయితే ఇక ఎప్పటికీ వద్దు, కుట్ల మీద పొడి పడితే ఒకటే తుమ్ములు.

తల కింద రెండు మూడు దిండ్లు, 30 నించి 45 డిగ్రీల ఎత్తు, మొదటి వారం. ఐసు కళ్ల మీద, చెంపల మీద, 15 నిమిషాలు పెట్టి తియ్యాలి, రెండు రోజులే, ముక్కు మీద బరువు ఆనకూడదు. ముక్కు చీదడం రెండు వారాలు లేదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. సెలైన్ చుక్కలు రోజుకి నాలుగైదు సార్లు. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే రక్తం కారుతుంది. పై స్ప్లింట్, అంటే ముక్కు మీద వేసే గట్టి కట్టు, వారానికి తీస్తారు. కమిలిన నలుపు పెద్దవాళ్లకి రెండు మూడు వారాలు ఉంటుంది, భయం లేదు. వాపు చాలామటుకు మూడు నెలల్లో దిగుతుంది, కొన మీద మిగిలింది ఏడాదికి పైనే పడుతుంది.

కళ్లజోడు దగ్గర అందరూ తప్పు చేస్తారు. స్ప్లింట్ తీశాక 4 నించి 6 వారాలు జోడు ముక్కు మీద ఆనకూడదు. మధ్య కమ్మీకి పేపర్ టేపు చుట్టి, దాని రెండు కొసలూ నుదుటికి అంటించండి, జోడు గాలిలో తేలుతున్నట్టు ఉండాలి. జోడు అసలు ఇవ్వకపోతే పెద్దవాళ్లు రాత్రి బాత్రూంకి లేచి పడతారు. మత్తు తర్వాత తికమక కూడా ఎక్కువవుతుంది. వినికిడి మెషీన్ కూడా పక్కనే ఉంచండి.

రెండు ప్రమాద గుర్తులు. ఒకటి, మొదటి రోజుల్లో రెండు రంధ్రాలూ ఒకేసారి పూర్తిగా బిగుసుకుని నొప్పి పెరగడం. దూలంలో రక్తం గూడు కట్టిందేమో చూడాలి, ఆ రోజే తియ్యాలి, లేకపోతే కార్టిలేజ్ కరిగి ముక్కు జీనులా కుంగుతుంది. రెండు, రక్తం. గులాబీ రంగు నీళ్లు రెండు రోజులు మామూలే. ఎర్రగా ధారకడితే కూర్చోబెట్టి ముందుకి వంచండి, మింగనివ్వకండి, బీపీ చూడండి. కొత్త ముక్కుని గట్టిగా నొక్కి పట్టుకోవద్దు. ఆగకపోతే దగ్గరున్న ఆస్పత్రికి వెళ్తూ సర్జన్‌కి ఫోన్ చెయ్యండి. వారం దాటాక కూడా ఒకసారి రక్తం రావచ్చు. అందుకే స్ప్లింట్ తీసేదాకా ఆస్పత్రి ఉన్న ఊళ్లోనే గది తీసుకోమంటాను. బరంపురంలో చేయించుకున్నా విశాఖలో చేయించుకున్నా, రెండోరోజే గుణుపురం బస్సెక్కడం వద్దు.

బీమా బాబాయి

డబ్బు సంగతి క్లుప్తంగా. ఆరోగ్య బీమాలో అందం కోసం చేసే సర్జరీకి డబ్బు ఇవ్వరు, దానికి ఎక్స్‌క్లూజన్ 08 అని అందరి పాలసీల్లోనూ ఒకే కోడ్ ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత సరిచేసేదీ, ఆరోగ్యానికి తప్పనిసరి అని డాక్టరు రాసేదీ ఆ కోడ్ కిందికి రావు. 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ కార్డు 5 లక్షలదాకా ఉంది గాని అందం పని అందులో రాదు. కవాటం ఇరుకు, దూలం వంకర నిజంగా ఉంటే ఎండోస్కోపీ రిపోర్టు, సీటీ, మందులు వాడినా తగ్గలేదన్న చీటీలు ముందుగా పంపి అనుమతి తీసుకోండి. రెండు పనులూ ఒకేసారి చేస్తే బిల్లు రెండుగా విడగొట్టమనండి. లేని ఇబ్బంది రాయించకండి, పట్టుబడితే పాలసీయే పోతుంది.

వంశధార (పర్లాకిమిడి)

అందరికీ దండాలు. ఒకటి నేనూ చేర్చాలి. మనవైపు పెద్దవాళ్లలో మాట తెలుగు, చదువు ఒడియా అయినవాళ్లు ఎంతోమంది. విశాఖ వెళ్తే ఒప్పంద పత్రం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఇస్తారు. వాళ్లకి తెలుగు అర్థమవుతుంది గాని అక్షరాలు రావు. కాగితం చదివి వినిపించమని అడగండి, ముఖ్యంగా మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు అన్న వాక్యం. మందుల చీటీ వెనక ఒడియాలో రాసిపెట్టండి.

ఇక పుడకల మాట మిగిలింది. ఆవిడ తియ్యనంటోంది.

నాగావళి (రాయగడ, ప్లాస్టిక్ సర్జరీ)

తియ్యక తప్పదు. రక్తం ఆపడానికి కరెంటు వాడతాం, లోహం దగ్గర చర్మం కాలొచ్చు. పైగా ఆ చిల్లులో ఏళ్ల తరబడి పేరుకున్న మురికి కొత్త కుట్లకి చీము పట్టిస్తుంది. యాభై ఏళ్ల చిల్లు ఆరు వారాల్లో పూర్తిగా మూసుకోదని ఆవిడకి చెప్పండి, సగం దిగులు పోతుంది. అయినా బెంగైతే కుడివైపు చిల్లులో కుట్టుకి వాడే నైలాన్ దారం ముక్క వదులుగా ముడేసి ఉంచుతాం. వేపపుల్ల మాత్రం పెట్టకండి.

ఎడమవైపు చీలిక అదే బల్ల మీద కుట్టొచ్చు. అంచుల్ని ఊరికే దగ్గరికి లాగి కుడితే అతకదు, చిల్లు లోపల పరుచుకున్న చర్మపు పొరని పూర్తిగా చెక్కి పచ్చి చెయ్యాలి. లోపలి పొర వేరుగా, బయటి చర్మం వేరుగా కుట్టాలి. పుటం అంచుదాకా తెగి ఉంటే కుట్టు గీత తిన్నగా కాకుండా వంకర టింకరగా వెయ్యాలి, లేకపోతే ఆరాక అంచులో నొక్కు పడుతుంది.

కుడివైపు సన్న పుడక 6 వారాలకి పెట్టుకోవచ్చు. ఎడమవైపు మూడు నెలలు ఆగి, మచ్చ మీద కాకుండా పక్కన కొత్తగా చిల్లు పొడిపించాలి. పాత బరువు ముక్కెర ఇక ఏ వైపూ వద్దు. రాయి చిన్నది, వెనక మర చదునుగా ఉన్నది చాలు.